బకాయి సర్కారుది, బాధ రోగిది

వైద్యరంగం గురించి జరిగే సభలలోనూ, పత్రికలలోనూ ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. రోగి సంరక్షణకూ, ఆసుపత్రి ఆర్థిక స్థిరత్వానికీ మధ్య సమతుల్యం ఉండాలన్నదే ఆ మాట. వినడానికి ఎవరూ కాదనలేనిది. ఆసుపత్రి మూతపడితే రోగికి దిక్కెవరు? సిబ్బందికి జీతాలందకపోతే అర్ధరాత్రి వార్డులో సెలైన్ మార్చేదెవరు? అయితే ఈ సమతుల్యం కోసం త్యాగం చేయవలసినవారు ఎవరన్న ప్రశ్న వచ్చేసరికి అందరి వేళ్లూ ఒకేవైపు చూపుతున్నాయి. ప్రభుత్వం తన చెల్లింపును వాయిదా వేస్తుంది. ఆసుపత్రి తన సేవను వాయిదా వేస్తుంది. రోగం మాత్రం వాయిదాకు ఒప్పుకోదు. అందుచేత చివరికి రోగి ఇంటి ఇల్లాలి చెవికమ్మలే తాకట్టు కొట్టుకు వెళుతున్నాయి.

2025 సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు పేదల ఉచిత వైద్య పథకం కింద సేవలు నిలిపివేశాయి. తమకు రావలసిన బకాయిలు వెయ్యి కోట్ల రూపాయలు దాటాయని రెండు రాష్ట్రాల ఆసుపత్రుల సంఘాలూ ప్రకటించాయి. ప్రభుత్వాలు కొంత సొమ్ము విడుదల చేస్తామన్నాయి, సేవలు తిరిగి మొదలయ్యాయి. ఆ చర్చల బల్లకు ఒకవైపు అధికారులున్నారు, మరొకవైపు ఆసుపత్రుల యజమానులున్నారు. రోగి తరఫున కూర్చున్నదెవరు?

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్యనున్న బాకీ తగాదాలో రోగి కక్షిదారు కాడు. అతణ్ణి ఆ బాకీకి జామీనుదారుగా నిలబెట్టడం అన్యాయం. ఆ అన్యాయాన్ని సమతుల్యం అనే మర్యాదైన పేరుతో పిలవడం అంతకంటే పెద్ద అన్యాయం.

మాట ఇచ్చింది ఎవరు?

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డున్న కుటుంబం గుండె శస్త్రచికిత్సకు గానీ, క్యాన్సర్ చికిత్సకు గానీ ఆసుపత్రిలో ఒక్క రూపాయి కట్టనక్కరలేదన్నది ప్రభుత్వం ఇచ్చిన మాట. అంతకుముందు కార్పొరేటు ఆసుపత్రి గుమ్మం తొక్కని ఎన్నో కుటుంబాలకు ఈ పథకం ప్రాణభిక్ష పెట్టిందన్నది నిజం. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

రాష్ట్రం రెండుగా విడిపోయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, పరిమితి పెరిగింది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి పది లక్షలైంది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో పాతిక లక్షలైంది. గోడల మీద అంకెలు పెద్దవయ్యాయి. అయితే పాతిక లక్షల హామీకి విలువ ఎంత? ఆసుపత్రి కౌంటరులోని మనిషి కార్డు తీసుకుంటే పాతిక లక్షలు. తీసుకోకపోతే సున్న.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో బిల్లులు రాసిన గుమాస్తాను కనుక ఈ సున్న ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. బడ్జెటులో కేటాయింపు ఒకటి. దానికి విడుదల ఉత్తర్వు మరొకటి. ఖజానాలో బిల్లు పాసై టోకెను నంబరు పడడం ఇంకొకటి. ఆ టోకెను సొమ్ముగా మారి ఖాతాలో జమ కావడం వీటన్నిటికంటే వేరు. శాసనసభలో మంత్రిగారు చదివేది మొదటి అంకె. ఆసుపత్రికి కావలసింది చివరి అంకె. ఈ రెండింటి మధ్య నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. చెల్లింపుల వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఆర్థికశాఖ నిర్ణయిస్తుంది. గట్టిగా అడగగలిగినవారి బిల్లు ముందుకు జరుగుతుంది. మంచంలో ఉన్నవాడు అడగలేడు.

ఆసుపత్రుల వాదనలో నిజమెంత?

ఆసుపత్రుల కష్టాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. జిల్లా కేంద్రంలో యాభై పడకల ఆసుపత్రి నడిపే డాక్టరుకు ప్రతి నెలా మొదటి వారంలో జీతాలివ్వాలి. ఆక్సిజన్, మందులు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఏవీ ఆగవు. ఎనిమిది నెలల కిందట చేసిన ఆపరేషనుకు సొమ్ము రాకపోతే అతడు వడ్డీకి తెచ్చి నడపాలి. ప్యాకేజీ రేట్లు కూడా ఏళ్ల తరబడి సవరణకు నోచుకోక, మందుల ధరలు, జీతాలు మాత్రం పెరిగిపోయాయి. తెలంగాణలో 2024లో చాలా చికిత్సలకు రేట్లు పెంచారంటే, ఆసుపత్రుల ఫిర్యాదులో పస ఉందని ప్రభుత్వమే అంగీకరించినట్లు.

కనుక బకాయి చెల్లించమని ఆసుపత్రులు అడిగితే మనం వారి పక్కన నిలబడవలసిందే. అయితే ఆసుపత్రికి సర్కారుపై ఉన్న కోపం రోగి మీద తీరడం మొదలైనప్పుడు మాత్రం మనం విడిపోవాలి. సేవలు నిలిపివేస్తున్నామని బహిరంగంగా ప్రకటించడం ఒక పద్ధతి. అది కనీసం పత్రికలలో వస్తుంది. ప్రకటన లేకుండా నడిచేది అంతకంటే ప్రమాదకరం. కార్డు చూపగానే పడకలు ఖాళీ లేవంటారు. నగదు చూపగానే పడక దొరుకుతుంది. పరీక్షలు పథకంలోకి రావంటారు. ఇంప్లాంటు మంచి రకం కావాలంటే వేరే కట్టాలంటారు. అనుమతి వచ్చేలోగా అడ్వాన్సు కట్టండి, తరువాత తిరిగి ఇస్తామంటారు. రశీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు.

ఉద్యోగ విరమణ తరువాత మా బస్తీలో ఆసుపత్రి కాగితాలు చూసిపెట్టే పని చేస్తున్నాను. ఒక దర్జీ కుటుంబం దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి నలభై వేలు అడ్వాన్సు కట్టించుకుంది. ఆ చికిత్స పథకంలో ఉన్నదే, అనుమతి కూడా వచ్చినదే. సొమ్ము ఎందుకు తీసుకున్నారని రాతపూర్వకంగా అడిగితే, సర్కారు మాకు ఇవ్వాల్సింది ఇంకా చాలా ఉందని నోటిమాటగా జవాబిచ్చారు. సర్కారు బాకీని కుట్టుమిషను తొక్కే మనిషి దగ్గర వసూలు చేసుకోవచ్చునని ఏ ఒప్పందంలో ఉంది? మాబోటి విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య కార్డులకూ ఇదే మర్యాద జరుగుతోంది. కానీ మాకు నెల నెలా పింఛను వస్తుంది. ఆ దర్జీకి ఏమొస్తుంది?

ఈ భారం మనమీద ఎక్కువగా ఎందుకు పడుతోంది?

దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో కుటుంబాలు స్వయంగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేదని, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య గణాంకాలు చెబుతున్నాయి. తగ్గడం సంతోషమే. అయినా వంద రూపాయలలో దాదాపు నలభై రూపాయలు ఇంకా ఇంటివారే పెడుతున్నారు. ప్రజారోగ్యానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చును 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ సంవత్సరం వచ్చి వెళ్లింది. లక్ష్యం కాగితం మీదనే ఉంది.

ఈ నలభై రూపాయలు అందరి మీదా ఒకే బరువుగా పడవు. నెలజీతపు ఉద్యోగాలలో ముస్లింల వాటా తక్కువనీ, స్వయం ఉపాధి మీద ఆధారపడేవారు ఎక్కువనీ సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. మెకానిక్కు, వెల్డరు, ఆటో డ్రైవరు, పండ్ల బండి వ్యాపారి, గాజుల పనివాడు, ఇంట్లో కూర్చుని జర్దోజీ కుట్టే ఆడబిడ్డ. వీరిలో ఎవరికీ ఈ.ఎస్.ఐ. లేదు, యాజమాన్యం కట్టే బీమా లేదు. రోగం వస్తే ఖర్చు రావడమే కాదు, ఆనాటి సంపాదన కూడా ఆగిపోతుంది. అందుచేత ఉచిత వైద్య పథకం కార్డు ఇతరులకు ఒక ఆసరా అయితే, మనలో చాలామందికి అదొక్కటే ఆసరా. ఆ కార్డు చెల్లని రోజున కుటుంబానికి మూడు దారులే మిగులుతాయి: వడ్డీవ్యాపారి, తాకట్టు కొట్టు, జుమా నమాజు తరువాత మస్జిద్ గుమ్మం.

చట్టం ఏం చెప్పింది?

డబ్బు లేదు కనుక వైద్యం చేయలేమన్న వాదన కొత్తది కాదు. దానికి సుప్రీంకోర్టు ఎప్పుడో సమాధానం చెప్పింది. 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రాణాపాయంలో ఉన్న మనిషిని కాపాడడం ప్రభుత్వ వైద్యుడికైనా, ప్రైవేటు వైద్యుడికైనా వృత్తిధర్మమని, లాంఛనాల పేరుతో ఆలస్యం చేయరాదని తీర్పు వచ్చింది.

రెండో కేసు మనందరం గుర్తు పెట్టుకోవలసినది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయమై మెదడులో రక్తస్రావం జరిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యాలు లేవన్నారు. అక్కడి నుంచి కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులకు ఒకదాని తరువాత ఒకటిగా తిప్పారు. ఒకచోట పడక లేదు, మరొకచోట ఆ విభాగం లేదు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి దాదాపు పదిహేడు వేలు ఖర్చు పెట్టుకున్నాడు. అతడి సంఘం పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, ఆర్థిక ఇబ్బందుల పేరుతో ప్రభుత్వం ఈ బాధ్యతను తప్పించుకోజాలదని 1996లో కోర్టు తేల్చి, పాతికవేల రూపాయల నష్టపరిహారం ఇప్పించింది.

ఒక కూలీ, ఒక కూలీల సంఘం కలసి దేశానికంతటికీ తెచ్చిపెట్టిన తీర్పు ఇది. నిధులు లేవన్న మాట రోగికి జవాబు కాదని దీని సారాంశం. ముప్పై ఏళ్లు కావస్తున్నా అదే జవాబు ఇంకా కౌంటర్ల దగ్గర వినిపిస్తోందంటే లోపం చట్టంలో లేదు, అడిగేవారు లేకపోవడంలో ఉంది.

మరొక విషయం చెప్పకుండా దాటలేను. బిల్లు కట్టలేదని మృతదేహాన్ని అప్పగించకుండా ఆపడం. మయ్యత్‌ను త్వరగా ఖబరస్తాన్‌కు చేర్చడం మన ఇళ్లలో ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. ఆ తొందరే మన బలహీనత అవుతోంది. ఏడుస్తున్న కొడుకు చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించవచ్చు. అయితే జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో, బిల్లు వివాదం సాకుగా చూపి రోగిని గానీ, మృతదేహాన్ని గానీ నిర్బంధించరాదని స్పష్టంగా ఉంది. అంశాలవారీ బిల్లు పొందడం, చికిత్స రికార్డులు తీసుకోవడం కూడా ఆ పత్రంలోని హక్కులే. దీన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఆసుపత్రి నిలబడే మార్గాలు లేవా?

రోగిని పిండకపోతే ఆసుపత్రి ఎలా నిలబడుతుందని కొందరు అడుగుతారు. నిలబడి చూపించినవి మన కళ్లముందే ఉన్నాయి. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, కట్టగలిగినవారి దగ్గర తీసుకుని, కట్టలేనివారికి ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో చేస్తూ దేశంలోనే పెద్ద సంస్థ అయింది. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థదీ ఇదే బాట. గుండె, క్యాన్సర్ చికిత్సలు కంటి ఆపరేషను అంత చవకగా జరగవన్నది నిజమే. కాని కలిగినవాడి చెల్లింపుతో లేనివాడిని ఆదుకోవడం ఒక పద్ధతి. లేనివాడి దగ్గరే సర్కారు బాకీ రాబట్టడం మరో పద్ధతి. ఈ రెంటినీ ఒకే గాట కట్టరాదు.

ప్రభుత్వ భూమిని చవకగా తీసుకున్న ఆసుపత్రుల బాధ్యత ఇంకా ఎక్కువ. ఢిల్లీలో అలాంటి ఆసుపత్రులు లోపలి పడకలలో 10 శాతం, బయటి రోగులలో 25 శాతం పేదలకు ఉచితంగా కేటాయించాలని అక్కడి హైకోర్టు 2007లో ఆదేశించింది. ఆ షరతును సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. మన రెండు రాష్ట్రాలలో ఏ ఆసుపత్రికి ఎంత భూమి ఏ షరతుతో ఇచ్చారో, ఆ షరతు అమలవుతోందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడిగే అధికారం ప్రతి పౌరునికీ ఉంది.

మన చరిత్రలో మరొక పాఠముంది. 13వ శతాబ్దంలో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో ధనిక, పేద తేడా లేకుండా చికిత్స జరిగేది. వైద్యుల జీతాలు, మందులు, భోజనాలు వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుంచి నడిచేవి. ఆర్థిక స్థిరత్వం అంటే ఆనాటివారికి అర్థమైన తీరు అది. ముందు స్థిరమైన ఆదాయాన్ని ఆసుపత్రికి రాసిచ్చారు, ఆ తరువాత తలుపులు తెరిచారు. ఈనాడు మన వక్ఫ్ భూములలో ఎన్నో ఆక్రమణలపాలై ఉంటే, మన రోగులు మస్జిద్ గుమ్మాలలో నిలబడుతున్నారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు.

ప్రభుత్వాలు చేయవలసినది

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో రెండున్నర లక్షల వరకు చికిత్సను బీమా సంస్థల ద్వారా, ఆ పైన ట్రస్టు ద్వారా నడిపే పద్ధతికి ఆమోదం తెలిపింది. 2007లో ఆరోగ్యశ్రీ కూడా బీమా సంస్థతోనే మొదలై తరువాత ట్రస్టు చేతికి వచ్చింది. వెనక్కి వెళ్లేముందు అప్పుడెందుకు మారారో ప్రజలకు చెప్పాలి. ప్రీమియం సకాలంలో కట్టకపోతే బీమా సంస్థ కూడా ఆసుపత్రికి చెల్లించదు. మధ్యవర్తి మారినంతమాత్రాన బాకీ తీరదు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సొమ్ము 45 రోజులలో చెల్లించాలని, ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలని 2006 నుంచి చట్టముంది. మరమేకు సరఫరా చేసినవానికి ఉన్న రక్షణ ప్రాణం కాపాడినవానికి ఎందుకుండరాదు? వైద్య పథకానికీ అలాంటి గడువును, వడ్డీని చట్టంలో రాయాలి. నెలవారీ బకాయి ఎంతో బహిరంగంగా ప్రకటించాలి. ప్యాకేజీ రేట్లను క్రమం తప్పకుండా సవరించాలి. ఇవన్నీ జరిగిన తరువాత కూడా కార్డుదారుని దగ్గర నగదు వసూలు చేసే ఆసుపత్రి గుర్తింపును రద్దు చేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రభుత్వ ఆసుపత్రి బలంగా ఉండడం. ఏడో నిజాం కాలంలో మూసీ ఒడ్డున కట్టిన ఉస్మానియా ఆసుపత్రి వార్డులలోకి 2020 జూలైలో వాననీరు చేరిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అది త్వరగా పూర్తికావాలి. పక్కనే మంచి ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నప్పుడు, ప్రైవేటు ఆసుపత్రి సేవలు నిలిపివేస్తానన్న బెదిరింపుకు పదును తగ్గుతుంది.

మనం చేయవలసినది

సర్కారును అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడుగుకోవాలి. మన సంస్థలు, మస్జిద్ కమిటీలు, దాతలు ప్రతి ఏటా ఎంతో సొమ్ము రోగుల కోసం పోగుచేస్తున్నారు. ఉద్దేశం పవిత్రమైనది. అయితే ఆ సొమ్ము ఎక్కడికి చేరుతోంది? పథకంలో ఉచితంగా జరగవలసిన చికిత్సకు ఆసుపత్రి అడిగిన అదనపు బిల్లు మనం చందాలెత్తి కడితే, రోగికి ఆ పూట గడుస్తుంది. సర్కారు తన బాకీ ఎగ్గొట్టడానికి, ఆసుపత్రి చట్టవిరుద్ధంగా వసూలు చేయడానికి మన దానం దారి వేసినట్లవుతుంది. జకాత్ ఎవరికి చెల్లుతుందన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. నేను చెబుతున్నది లెక్కల మాట. అక్రమ బిల్లుకు కట్టిన ప్రతి రూపాయి, పథకమేదీ వర్తించని మరో రోగి నోటి దగ్గరి మందు.

అందుకని బిల్లు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. కార్డు ఉందా? ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిశారా? అనుమతి కోసం దరఖాస్తు పంపారా? పంపితే తిరస్కరణ రాతపూర్వకంగా ఇచ్చారా? ఈ జవాబులు తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ప్రతి పెద్ద మస్జిద్‌లో, ప్రతి బస్తీ సంఘంలో ఫారాలు నింపగల ఇద్దరు కుర్రవాళ్లు, మాబోటి విశ్రాంత గుమాస్తా ఒకరు వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు. మతం అడగకుండా వచ్చినవారందరి కాగితాలూ చూడాలి, ఎందుకంటే కౌంటరు దగ్గర వెనక్కి పంపబడే పేదవాడికి ఏ మతమైనా ఒకటే. అత్యవసరమైతే ప్రాణం కోసం సొమ్ము కట్టవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని రశీదు తీసుకోవాలి. మరుసటి రోజే 104కు, జిల్లా సమన్వయకర్తకు, కలెక్టరుకు ఫిర్యాదు పంపి దాని నకలు దగ్గర పెట్టుకోవాలి.

ఒక్క ఫిర్యాదును కార్యాలయం పక్కన పడేయగలదు. ఒకే ఆసుపత్రి మీద, ఒకే రకం వసూలు మీద తేదీలతో, రశీదులతో నలభై ఫిర్యాదులు చేరితే పక్కన పడేయలేదు. ఆ ఫైలు మీద సంతకం పెట్టవలసిన అధికారికి అది తన మెడకు చుట్టుకుంటుందని తెలుసు. ముప్పై ఏళ్లు ఆ కుర్చీల పక్కన పనిచేసినవాడిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

హకీం షేక్ ఒంటరిగా వెళ్లి ఉంటే అతడి బిల్లు అతడి ఇంట్లోనే చిరిగిపోయేది. సంఘం వెంట నిలబడింది కనుక అది తీర్పుగా మారింది. మన బస్తీలలో, ట్రంకుపెట్టెల అడుగున పడి ఉన్న ఆసుపత్రి రశీదులను బయటికి తీద్దాం. ఈ నెలలోనే మొదలుపెడదాం.